కాలి వేలు విరిగిందా, సెప్టిక్ అవుతోందా?

నాలుగు రోజుల క్రితం చీకట్లో మంచం కోడుకు ఎదురుదెబ్బ తగిలి చిటికెన వేలు నల్లగా కమిలిపోయిందని, గోరు పక్కన చర్మం చీరుకుని కాస్త తడిగా ఉందని రాశారు. వేలు కదులుతోంది కాబట్టి విరగలేదని అనుకోవచ్చా అని అడిగారు. అలా అనుకోకండి. నేను సరిగ్గా అదే అనుకుని ఐదు రోజులు పోగొట్టుకున్నాను.

గ్యాస్ బండ మారుస్తుంటే జారి నా కుడికాలి నాలుగో వేలి మీద పడింది. వేలు మడవగలుగుతున్నాను, మడమ మీద బరువు వేసి ఇంట్లో తిరగగలుగుతున్నాను. బెణుకేలే అనుకున్నాం. మా అత్తయ్య పసుపు, సున్నం కలిపి పట్టు వేసింది. ఐదో రోజుకి నీలం పాదం మీదికి కూడా పాకింది. అప్పుడు వెళ్లాను. డాక్టరు గారు వేలి కొన పట్టుకుని పాదం వైపు మెల్లగా నెట్టారు. పైన ఎక్కడా ముట్టుకోకపోయినా లోపల ఒక్కచోట ప్రాణం పోయినట్టయింది. ఎక్స్‌రేలో ఎముక చిట్లి ఉంది. విరిగినా వేలు కదులుతుందని ఆయనే చెప్పారు.

వైద్యం చూస్తే చిన్నదే. రెండు వేళ్ల మధ్య దూది పెట్టి, పక్క వేలితో కలిపి టేపు చుట్టారు. దూది లేకపోతే చెమటకు చర్మం ఒరుసుకుని పుండవుతుందట. అడుగు గట్టిగా ఉండే చెప్పులు వేసుకోమన్నారు. మామూలుగా నడవడానికి ఆరు వారాలు పట్టింది. అదే బొటనవేలయితే ఇంకా జాగ్రత్తగా చూడాలి, నడకలో మిగతా వేళ్ల కంటే ఎక్కువ బరువు దాని మీదే పడుతుంది. వేలు వంకర తిరిగితే ఏ వేలయినా ఆగకూడదు.

ఇక సెప్టిక్ సంగతి. దెబ్బ నొప్పి మొదటి రెండు మూడు రోజులు బాగా ఉండి, తర్వాత కొద్దికొద్దిగా దిగుతుంది. సెప్టిక్ నొప్పి అలా కాదు. తగ్గుతోంది అనుకున్నాక మళ్లీ లేస్తుంది. రాత్రిళ్లు పోటు పెడుతుంది, వేలు సెగలు కక్కుతుంది, ఎరుపు చుట్టూ పాకుతుంది. ఎరుపు ఎక్కడిదాకా ఉందో బాల్ పెన్నుతో గీత గీసి పెట్టుకోండి. గీత దాటితే, చీము కనిపిస్తే, గజ్జల్లో బిళ్ల కడితే, చలిజ్వరం వస్తే ఆ పూటే వెళ్లాలి.

మీకు షుగర్ ఉందో లేదో రాయలేదు. ఉంటే ఇవేవీ చూస్తూ కూర్చోకండి. మా నాన్నకు చాలా ఏళ్లుగా షుగర్. చెప్పు ఒరుసుకుని బొటనవేలికి పొక్కు లేచింది. నొప్పి లేదన్నారు కాబట్టి ఎవరం పట్టించుకోలేదు. నరాలు మొద్దుబారి నొప్పి తెలియలేదని, దుప్పటికి చీము మరక అంటాక గానీ మాకు అర్థం కాలేదు. వేలు దక్కింది, కానీ రెండు నెలలు డ్రెస్సింగ్ తప్పలేదు. ఇప్పటికీ రోజూ రాత్రి ఆయన పాదాలు నేనే చూస్తాను.

మీ విషయంలో నాకు టెన్షన్ పెడుతున్నది ఆ తడే. చర్మం చీరి, కింద ఎముక కూడా చిట్లి ఉంటే సూక్ష్మక్రిములు ఎముక దాకా వెళ్లే వీలుంది. కాబట్టి ఈరోజే చూపించుకుని ఎక్స్‌రే గురించి అడగండి. టీటీ వేయించుకుని ఐదేళ్లు దాటిందేమో అదీ చెప్పండి. మా ఇంట్లో లాగే మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు పుత్తూరు కట్టు అంటారు. తెగిన చర్మం మీద మాత్రం ఆకుపసరు గానీ, పసుపు సున్నం గానీ పెట్టనివ్వకండి. నూనె మర్దన కూడా వద్దు.

వెళ్లేదాకా పుండును శుభ్రమైన నీళ్లతో కడిగి, పొడి గాజుగుడ్డ వదులుగా కట్టండి. పడుకున్నప్పుడు కాలి కింద రెండు దిండ్లు పెట్టుకోండి. వాపు మీద ఐసు పెడితే గుడ్డలో చుట్టి పావుగంటే ఉంచండి. టేపు మీరే వేసుకోకండి, పుండు మూసుకుపోతుంది. అక్కడ వేసి పంపాక వేలి కొన తెల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే వదులు చేయండి.