నువ్వూ ఆ రైల్లోనే ఉన్నావు

తమ్ముడూ,

నీ అరకు వ్యాసం తీరిగ్గా చదివాను. వాక్యం నీ చేతిలో బాగా నడుస్తోంది, అందులో సందేహం లేదు. కానీ మొదటి రెండు పేజీలూ తోటి ప్రయాణికుల్ని తిట్టడానికే సరిపోయాయి. అద్దాల బోగీలో సొరంగం వచ్చినప్పుడల్లా కేకలేసిన కుటుంబం, బొర్రా గుహల్లో సెల్ఫీల కోసం తోసుకున్న కుర్రాళ్లు, బొంగు చికెన్ దగ్గర బేరమాడిన పెద్దాయన, అందరూ నీ లెక్కలో టూరిస్టులే, నువ్వు తప్ప. అదే టికెట్ కొని అదే బోగీలో కూర్చున్నవాడివి నువ్వెలా వేరయ్యావో నాకు అర్థం కాలేదు.

మనిషిని ఒకసారి మూసలో పడేశామంటే ఇక అతన్ని ఏమీ అడగబుద్ధి కాదు, రచనకు జరిగే అసలు నష్టం అదే. ఆ దారిలో 50కి పైగా సొరంగాలున్నాయి, చీకటి పడగానే పిల్లలు అరుస్తారు, వాళ్లతోపాటు నాయనమ్మ కూడా అరిచిందని నువ్వే రాశావు. ఆవిడది ఏ ఊరో, కొండల్లో రైలెక్కడం ఇదే మొదటిసారేమో అడిగుంటే ఆ పేజీలో ఒక మనిషి కనపడేది.

అరకు వాళ్ల విషయంలోనూ ఇదే చేశావు. వలిసె చేలో ఫొటో దిగితే డబ్బులడిగారని, ఇక్కడ కూడా అంతా వ్యాపారమైపోయిందని బాధపడ్డావు. వలిసె నూనెగింజ పంట కదా, పూత మీదున్న చేలోకి రోజూ జనం దిగి తొక్కేస్తుంటే రైతుకి ఏం మిగులుతుంది? గట్టు మీదే నిలబడి ఎప్పుడు కోస్తారు, నూనె ఎక్కడ ఆడిస్తారు అని అడిగిన వాడికి దొరికే జవాబులు వేరు, నేరుగా చేలోకి దిగి డబ్బుల దగ్గర గొడవపడిన వాడికి దొరికేవి వేరు.

ఇంకోచోట వాళ్లకి లోకం తెలియదన్నావు. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ పెంచుతూ, ఆ చెట్లకే మిరియాల తీగలు పాకించి, పంటను గిరిజన సహకార సంస్థ జీసీసీకి ఇవ్వాలా బయటి వ్యాపారికి ఇవ్వాలా అని లెక్కలేసుకునే మనుషులు వాళ్లు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది ఆ కాఫీకే. రిసార్టులో చూసిన థింసా నాట్యం నకిలీదని కూడా తేల్చేశావు. చైత్రంలో పండక్కీ, పెళ్లిళ్లకీ ఆడే ఆటే అది. అక్కడ ఆడితే ఎంత ఇస్తారు, ఎలా పంచుకుంటారు, ఊళ్లో ఆడేదానికీ దీనికీ వాళ్లకి ఏం తేడా అనిపిస్తుంది, ఇవేవీ అడక్కుండా నకిలీ అనేసే హక్కు నీకు లేదు, నాకూ లేదు.

అలాగని చెత్త గురించి రాయొద్దనను. మబ్బులు చూడ్డానికి వంజంగి కొండెక్కి ప్లాస్టిక్ సీసాలు పడేసి వచ్చేవాళ్ల గురించి ఎంత కోపంగానైనా రాయి. కానీ వాళ్ల యాస మీదా, బట్టల మీదా రాసిన ఆ నాలుగు వాక్యాలూ కొట్టేయ్.

కాఫీ పండ్లు కోసే రోజుల్లో, అంటే నవంబరు దాటాక, మళ్లీ వెళ్లు. శని, ఆదివారాలొద్దు, రద్దీలో ఎవరికీ నీతో మాట్లాడే తీరిక ఉండదు. ఫోన్ జేబులోనే ఉంచి ముందు నీ పేరూ ఊరూ చెప్పు. వచ్చాక రాసింది పంపు, టైపు చేయకపోయినా పర్లేదు, చేతిరాతే చదువుతాను.

నీ అన్నయ్య