పులస పెట్టె ఎక్కడ పెట్టాలంటే

అమ్మలూ,

పులస చేప పేరు మీద జియోకాష్, అదే జీపీఎస్ కోఆర్డినేట్లు పట్టుకుని జనం వెతుక్కునే డబ్బా, పెడతానని నువ్వు ఫోన్లో చెప్పినప్పటి నుంచి నాకు ఒకటే సంబరం. అమెరికాలో ఇస్సాక్వాలో మీ బావ దగ్గర ఉన్నన్నాళ్ళూ, అక్టోబరులో వాగుకి ఎదురెక్కే సాల్మన్ చేపల్ని చూసినప్పుడల్లా నాకు మన గోదారే గుర్తొచ్చేది. కానీ ధవళేశ్వరం బ్యారేజీ రెయిలింగుకి డబ్బా అంటిస్తానన్నావే, అది మాత్రం వద్దు. గేట్ల దగ్గర ఊరూపేరూ లేని డబ్బా కనిపిస్తే ఎవరికైనా టెన్షనే. పోలీసుల దాకా వెళ్తుంది.

ఇంకో కారణం కూడా ఉంది. పులస కథ మొదలయ్యేది బ్యారేజీ దగ్గర కాదు. సముద్రంలో ఉన్నప్పుడు అది ఇలస. జులైలో వరద ఎర్ర నీరు సముద్రంలోకి దిగగానే గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది, అప్పుడే పులస అవుతుంది. వెతికేవాళ్ళని కూడా ఆ దారినే నడిపించు. మొదటి మజిలీ అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ళ గట్టు, రెండోది నరసాపురంలో నది దాటించే పంటు ఎక్కే రేవు, చివరిది ధవళేశ్వరం. మొదటి రెండు చోట్లా డబ్బాలు వద్దు, ఒక్కో ప్రశ్న చాలు. జవాబుల్లోని అంకెలతో చివరి డబ్బా ఉన్న చోటు కోఆర్డినేట్లు రావాలి. రంగు బోర్డుల మీది అంకెలు తీసుకోకు, ఏడాదికోసారి కొత్త రంగు వేసేస్తారు. రాతి మీద చెక్కినవైతే నిలుస్తాయి.

అసలు డబ్బా ధవళేశ్వరంలో గోదారి గట్టుకి ఊరి వైపున, తెలిసినవాళ్ళ తోటలోనో టీ కొట్టు పక్కనో, వాళ్ళని అడిగి పెట్టు. మెట్ల మీదా లంకల్లోనూ వద్దు. ధవళేశ్వరంలో 17.75 అడుగులకి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఆ నీటి ముందు నీ డబ్బా ఎంత? గొయ్యి తీసి పూడ్చకూడదు. దగ్గర్లో వేరేవాళ్ళ డబ్బా ఉంటే 161 మీటర్ల ఎడం ఉండాలి.

నా మొదటి డబ్బా స్టీలు టిఫిన్ బాక్సు. మూత గట్టిగానే ఉంది కదా అనుకున్నాను. వానాకాలం పోయాక తెరిస్తే, వెతికినవాళ్ళు సంతకం పెట్టే పుస్తకం రొట్టెలా ఉబ్బింది. పేజీ విడదీయబోతే ముద్దగా వేళ్ళకి అంటుకుంది, పెన్నుతో పెట్టిన సంతకాలన్నీ నీలం మరకలు. ఎంత దూరం నుంచి వచ్చి రాసి వెళ్ళారో పాపం. అందుకే రబ్బరు రింగున్న బిగుతు మూత డబ్బా కొను. పుస్తకాన్ని జిప్ కవర్లో పెట్టి, పెన్సిలు వెయ్యి. తినేవి ఏవీ పెట్టకు, చీమలూ ఎలుకలూ వదలవు. పైన తెలుగులో ‘ఇది ఆట కోసం పెట్టిన డబ్బా, ప్రమాదం లేదు’ అని రాసి నీ నంబరు వెయ్యి.

ఇక వెబ్‌సైట్లో నీ డబ్బా పేజీలో రాసే మాటలు. పులస ధరా, పుస్తెలమ్మే సామెతా అందరూ రాస్తారు. నువ్వు చేప గురించి రాయి. నీటి పైకి తీయగానే ప్రాణం పోతుందని రాయి. మనం ఇష్టంగా తినే జన, అది ఇంత దూరం మోసుకొచ్చిన గుడ్లేనని రాయి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకి అన్నం దొరికింది, చేప దారికి అడ్డం పడింది. ఆ రెండూ ఒకే వాక్యంలో ఉండాలి. బంగ్లాదేశ్‌లో గుడ్లు పెట్టే కాలంలో 22 రోజులు ఇలస వేట ఆపేస్తారు, ఆ సంగతి మనవాళ్ళకి తెలియడం చాలా అవసరం. ఇవి రాసేముందు రేవులో వల బాగుచేసుకునే పెద్దాయన ఎవరి దగ్గరైనా ఓ పూట కూర్చో. మన కంటికి ఆనని సంగతులు వాళ్ళు చెబుతారు.

మే నెలలో రా. నరసాపురం పంటు దగ్గర నీకోసం ఉంటాను. అక్కడి నుంచి దారంతా కలిసి తిరిగి కొలతలు తీసుకుందాం. ఎర్ర నీరు వచ్చే లోపు డబ్బా దాని చోట ఉండాలి.

ఇట్లు,
నీ మామయ్య