షూస్ కొనాల్సింది 30వ కిలోమీటరు దగ్గరి పాదానికి

మారథాన్‌లో 25 కిలోమీటర్లు తారురోడ్డు, మిగతాది మట్టిదారి, కొండబాట అయితే రోడ్డు షూస్ తీసుకోవాలా, మట్టి, కొండదారుల కోసం చేసే ట్రైల్ షూస్ తీసుకోవాలా అని అడిగారు. ఇలాంటి పరుగు నేను రెండుసార్లు పరిగెత్తాను. మొదటిసారి తప్పు షూస్‌తో, రెండోసారి సరైనవాటితో. అందుకే గట్టిగా చెబుతున్నాను, రోడ్డా ట్రైలా అన్నది తర్వాతి సంగతి. ముందు వేళ్ల దగ్గర ఎంత చోటుందో, మడమ కదలకుండా నిలుస్తుందో లేదో చూడండి.

మొదటిసారి నాకూ ఇదే టెన్షన్. కొండబాట అనగానే భయపడిపోయి, అడుగున 5 మిల్లీమీటర్ల లగ్స్, అంటే పట్టు కోసం పొడుచుకొచ్చే రబ్బరు ముక్కలు, ఉన్న ట్రైల్ షూస్ కొన్నాను. బురదలో అవి మేకుల్లా దిగుతాయి, కాదనను. కానీ ఆ రోజు బురదే లేదు. మొదటి 18 కిలోమీటర్లు గట్టి తారు. దిగడానికి చోటు లేక ఆ లగ్స్ అరికాలికే ఒత్తుకుంటూ వచ్చాయి. 12వ కిలోమీటరు దాటేసరికి పిక్కలు బిగుసుకుపోయాయి. అదైనా ఓర్చుకున్నాను.

అసలు దెబ్బ 27వ కిలోమీటరు తర్వాత తగిలింది. అక్కడి నుంచి మూడు కిలోమీటర్లు దిగుడు, దారంతా గులకరాళ్లు, చెట్ల వేర్లు. గంటల తరబడి పరిగెత్తితే ఎవరి పాదాలైనా ఉబ్బుతాయి. నావీ అప్పటికే ఉబ్బి ఉన్నాయి. లేసులేమో వదులయ్యాయి. అడుగు వేసినప్పుడల్లా పాదం ముందుకు జారడం, బొటనవేలు షూ ముందు గోడకి కొట్టుకోవడం. దిగుడు అయిపోయాక ఒక బండ మీద కూర్చుని ఎడమ షూ విప్పాను. సాక్సు కొస తడిసి లేత ఎరుపు తిరిగింది. గోరు కింద నెత్తురు నల్లగా గడ్డకట్టి, గోరు ఒక పక్క పైకి లేచి ఉంది. పక్క వేలి మీద చొక్కా గుండీ అంత బొబ్బ.

వెనక నుంచి వస్తున్న ఒక పెద్దాయన నన్ను చూసి ఆగారు. "ఈ చివరి రంధ్రం ఎందుకు ఇచ్చారనుకున్నావు బాబూ?" అంటూ నా లేసు విప్పి మళ్లీ కట్టారు. చీలమండ దగ్గర, మామూలు వరసకి కాస్త పక్కగా ఒక రంధ్రం ఉంటుంది, చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. లేసుని అదే వైపు ఆ రంధ్రంలోకి దూర్చితే చిన్న ఉచ్చు ఏర్పడుతుంది. రెండు వైపులా అలా చేసి, ఒక వైపు లేసుని రెండో వైపు ఉచ్చులోంచి తీసి, కిందికి లాగి ముడి వేయాలి. అంతే, మడమ కదలదు. ఆ ముడితోనే మిగతా 12 కిలోమీటర్లు నడుస్తూ, పరిగెడుతూ పూర్తిచేశాను. గోరు మూడు వారాలకి ఊడింది. కొత్తది పూర్తిగా పెరగడానికి ఏడాది పైనే పట్టింది.

షూస్ చూసుకోవడానికి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పరుగులో వేసుకునే సాక్సే వేసుకుని చూడండి. నిలబడితే పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. లోపలి అట్టని బయటికి తీసి దాని మీద నిలబడితే, పాదం అంచు దాటుతోందో లేదో ఇట్టే తెలిసిపోతుంది. రంగు నచ్చిందనో, కార్పెట్ మీద నాలుగు అడుగులు మెత్తగా ఉందనో కొనేవాళ్లని చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ నాలుగు అడుగులు 42 కిలోమీటర్ల గురించి ఏమీ చెప్పవు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా పరుగువీరుడు అబెబె బికిలా ఉత్త కాళ్లతో మారథాన్ గెలిచాడు కదా, షూస్‌దేముంది అని వాదించేవాళ్లూ ఉన్నారు. ఆయన సాధనే ఉత్త కాళ్లతో సాగింది. అక్కడ దొరికిన షూస్ పాదానికి సరిపడక పక్కన పెట్టేశాడు. నాలుగేళ్లకి టోక్యోలో షూస్ వేసుకునే మళ్లీ గెలిచాడు. పాదానికి సరిపోని షూ కంటే అసలు షూ లేకపోవడమే నయం అనడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇక మీ ప్రశ్న. దారి పొడి మట్టి, చదునుగా ఉంటే మంచి రోడ్డు షూస్ చాలు. గులకరాళ్లు, వేర్లు ఉంటే రోడ్డుకీ ట్రైల్‌కీ రెండింటికీ పనికొచ్చేలా చేసిన రకం తీసుకోండి. నైకీ పెగాసస్ ట్రైల్, హోకా చాలెంజర్ అలాంటివే. లగ్స్ పొట్టిగా ఉంటాయి కాబట్టి తారు మీద గుచ్చుకోవు, మట్టిలో జారనివ్వవు. నా రెండో పరుగు ఇలాంటి వాటితోనే, అదీ అర సైజు పెద్దవాటితో. లోతైన లగ్స్ నిజంగా బురద ఉంటేనే తీసుకోండి. మెత్తటి, పట్టు ఎక్కువున్న రబ్బరు తారు మీద త్వరగా అరిగిపోతుంది కూడా. వాటర్‌ప్రూఫ్ అన్న మాటకి మాత్రం పడిపోకండి. వాగులో కాలు పెడితే నీళ్లు పైనుంచి లోపలికి వస్తాయి, మళ్లీ బయటికి పోవు. ఎత్తైన సోల్, దాని లోపల కార్బన్ ప్లేటు (గట్టి కార్బన్ ఫైబర్ రేకు) ఉన్న రేసు షూస్‌తో వేర్ల మీద పరిగెడితే చీలమండ మెలిపడుతుంది, అవి తారుకే వదిలేయండి.

ఏది కొన్నా కనీసం ఒక పెద్ద సాధన పరుగు, 25 కిలోమీటర్లకి తగ్గకుండా, రోడ్డూ మట్టీ రెండూ కలిసేలా వాటితోనే చేయండి. చివర్లో ఒక దిగుడు ఉండేలా చూసుకోండి. దాని పైన ఆగి, ఆ చివరి రంధ్రంలో లేసు బిగించాకే దిగండి. పరుగుకి రెండు మూడు రోజుల ముందు కాలి గోళ్లు తీసుకోండి.