జార్ పక్కనే ఉన్న ఫైలు సర్వీసుకు ఎందుకు కనపడదు?

ప్రశ్న: మాది రొయ్యల మేత వ్యాపారం. ఒంగోలు, కావలి గోడౌన్లలో బిల్లింగ్‌కి స్ప్రింగ్ బూట్ 3 (జావా ఫ్రేమ్‌వర్క్)తో రాసిన జార్ (ప్రోగ్రామంతా ఉన్న ఒకే ఫైలు) ఒకటే వాడుతున్నాం. కావలి సర్వర్లో జార్ పక్కనే, కావలి డేటాబేస్ వివరాలతో అప్లికేషన్ డాట్ ప్రాపర్టీస్ ఫైలు పెట్టాను. చేత్తో నడిపితే బాగానే ఉంది. సిస్టమ్‌డీ (లినక్స్‌లో ప్రోగ్రాములను వెనక నడిపించే ఏర్పాటు) సర్వీసుగా పెడితే మాత్రం బిల్లులు ఒంగోలు డేటాబేస్‌లో పడుతున్నాయి. ఎందుకండీ?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ముందు ఆ సర్వీసు ఆపేయండి. ఒంగోలు లెక్కల్లో మీ బిల్లులు ఇంకా కలిస్తే ఏరడం కష్టం.

మీ ఫైల్లో తప్పు లేదు. స్ప్రింగ్ బూట్ వెతికేది జార్ ఉన్న ఫోల్డరులో కాదు, జావా ఏ ఫోల్డరులో నిలబడి మొదలైందో అక్కడ, దాని లోపలి కాన్ఫిగ్ ఫోల్డరులో. చేత్తో నడిపేటప్పుడు మీరు ఆ ఫోల్డరులోకి వెళ్లి నడిపారు, దొరికింది. సిస్టమ్‌డీ సర్వీసు, మనం వేరే చెప్పకపోతే, రూట్ ఫోల్డరు (/) నుంచి మొదలవుతుంది. అక్కడ ఫైలు లేదు, ఎర్రరూ రాదు. జార్ లోపలున్న ఒంగోలు వివరాలే తీసేసుకుంటుంది.

సర్వీసు ఫైల్లో వర్కింగ్‌డైరెక్టరీ దగ్గర జార్ ఫోల్డరు పూర్తి దారి రాసి, డీమన్-రీలోడ్ (మార్చిన సర్వీసు ఫైలుని సిస్టమ్‌డీ మళ్లీ చదివే ఆదేశం), ఆపైన రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. అయితే అంతకంటే గట్టి పద్ధతి ఉంది. సర్వీసు ఫైల్లో జార్‌ని నడిపే ఆదేశం ఉండే ఎగ్జెక్‌స్టార్ట్ వరుస చివర, రెండు అడ్డగీతల తర్వాత, స్ప్రింగ్ డాట్ కాన్ఫిగ్ డాట్ అడిషనల్-లొకేషన్ అని రాసి, ఈక్వల్ గుర్తు పెట్టి, ఫైలు పేరుతో సహా పూర్తి దారి ఇవ్వండి. అప్పుడు ఫైలు కనపడకపోతే అప్లికేషన్ అసలు మొదలే కాదు. తప్పు డేటాబేస్‌లో రాయడం కన్నా ఆగిపోవడమే నయం కదా! ‘అడిషనల్’ మాత్రం వదలకండి. అది లేకుండా రాస్తే జార్ లోపలి మిగతా సెట్టింగులు కూడా చదవదు.

అసలు జార్ లోపల ఒంగోలు డేటాబేస్ వివరాలు ఉండకూడదు. తీసేసి మళ్లీ బిల్డ్ చేయండి, ఒంగోలుకూ బయట ఒక ఫైలు పెట్టండి.

ఇంత చేసినా ఒంగోలుకే వెళ్తుంటే, సర్వీసు ఫైల్లో స్ప్రింగ్ అండర్‌స్కోర్ డేటాసోర్స్ అండర్‌స్కోర్ యూఆర్ఎల్ అని పెద్దక్షరాల్లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉందేమో చూడండి. అది ఉంటే ఫైల్లోని విలువను కొట్టేసి తన విలువే వాడేలా చేస్తుంది. కమాండ్ లైన్‌లో ఇచ్చిన విలువ దాన్నీ కొట్టేస్తుంది.

బయటి ఫైల్లో పాస్‌వర్డ్ ఉంటుంది కాబట్టి, దాన్ని సర్వీసు నడిపే యూజర్ పేరు మీదికి మార్చి, పర్మిషన్ 600 (ఆ యూజర్ తప్ప మిగతా మామూలు యూజర్లు చదవలేరు) పెట్టండి.