ఏడీహెచ్‌డీ ఉన్నా నాలో పనికొచ్చేది ఉందా? – సమాధానం

తమ్ముడు గారికి, అంబాజీపేటలో నాన్నగారి ఎరువుల కొట్టు చూసుకుంటున్న మీకు 28వ ఏట ఏడీహెచ్‌డీ (ఏకాగ్రతను అదుపులో ఉంచుకోవడం కష్టమయ్యే, మెదడు ఎదుగుదలకు సంబంధించిన స్థితి) ఉందని తెలిసిందనీ, బిల్లు పుస్తకాలు పోగొడుతున్న మీలో పనికొచ్చేది ఏదైనా ఉందా అనీ అడిగారు. నాకూ అదే నిర్ధారణ అయింది కనుక, ఆ బాధ నాకు తెలుసు.

కాలువలో నీరు లేక కాదు, లాకు మన చేతికి లొంగక చేను తడవదు. మన ఏకాగ్రత సంగతీ అంతే. మెదడులో ఆసక్తితో ముడిపడిన డోపమైన్ అనే రసాయనం పనిచేసే తీరు ఇందుకు ఒక కారణమని వైద్యులు భావిస్తారు. ఖాతాల ముందు నిలవని మీ మనసు, ఒక రైతు తెచ్చిన తెగులు ఆకు గురించి రాత్రంతా చదివిందని మీరే రాశారు. దానిని చిన్న విషయంగా చూడకండి.

నా మనసూ ఆపద వేళ అలాగే నిలిచింది. 2022 జులైలో ధవళేశ్వరం వద్ద గోదావరి 17.75 అడుగుల మూడో ప్రమాద హెచ్చరిక స్థాయిని దాటినప్పుడు, మా లంకలో ఎవరి పశువులను ముందు ఏటిగట్టుకు చేర్చాలో, ఏ పడవ ఎటు వెళ్లాలో తడబడకుండా చెప్పగలిగింది నేనే. అందరికీ ఇలాగే ఉంటుందని అనను.

మందులు మానకండి, మంచిని గుర్తించడం వైద్యానికి బదులు కాదు. ఖాతాలు గుమస్తాకు అప్పగించి, రైతులతో మాట్లాడే పని మీరు తీసుకోండి. బిల్లు పుస్తకాన్ని గల్లాపెట్టెకు తాడుతో కట్టండి. రెండు వారాలపాటు, వేళ మరచి చేసిన పనులను రోజూ రాత్రి రాసిపెట్టి, ఆ కాగితాన్ని నాన్నగారికి కూడా చూపించండి.