బిడ్డకు పెద్దనాయన ఉత్తరం: పైపు మీద మంచు చూడు

బిడ్డా,

నువ్వు పోలేపల్లి సెజ్‌ల మందుల కంపెనీ ప్రొడక్షన్‌ల చేరుతున్నవని మీ నాయన ఫోన్ చేసిండు. నల్లగొండ ఎంజీ యూనివర్సిటీల ఎమ్మెస్సీ చదివిన మన ఇంటి పిల్ల రియాక్టర్ కాడ నిలబడుతదంటే గుండె నిండింది. అమైనో ఆసిడ్ ఎస్టర్ల బ్లాక్ అని విన్నంక మాత్రం నిద్ర పట్టలే.

బూట్లు, కళ్లద్దాలు, గ్లౌజులు నీకు చెప్పనక్కర్లే. థయోనిల్ క్లోరైడ్ పోసేముందు విషపు గాలిని కడిగే స్క్రబ్బర్ నడుస్తుందో లేదో నీ కండ్లతోనే చూసుకో. తినకుండ డ్యూటీకి పోకు.

నేను చౌటుప్పల్ దిక్కు ఒక కంపెనీల షిఫ్ట్ ఇన్‌చార్జిగ ఉన్నప్పుడు డీ-ఫినైల్‌గ్లైసిన్ మిథైల్ ఎస్టర్ నడుస్తుండె. యాంపిసిలిన్‌కు, సెఫాలెక్సిన్‌కు పక్క గొలుసు డీ-ఫినైల్‌గ్లైసినే. మన ఒంట్ల ప్రొటీన్లు ఎల్ రకంతోని అయితయి, ఈ మందులకేమో డీ కావాలె. డీ, ఎల్ అంటే కుడి చెయ్యి, ఎడమ చెయ్యి లెక్క, ఒకదానికొకటి అద్దంల బొమ్మలు. హైడ్రోక్లోరైడ్ ఉప్పుగ ఉన్నంతసేపు అది బుద్ధిగ ఉంటది. ట్రైఇథైలమైన్ అనే బేస్ పోసి ఆ ఉప్పును విడగొట్టి ఫ్రీ బేస్ చేసినవంటే చల్లగ ఉంచాలె, జల్ది పని కానియ్యాలె. ఫినైల్‌కు, ఎస్టర్‌కు నడుమ ఉన్న ఆ ఒక్క హైడ్రోజన్ బేస్ తగిలితే ఊడుతది, మల్ల ఏ దిక్కు నుంచైనా అతుక్కుంటది, అట్ల డీల కొంత ఎల్ అయితది.

ఒకనాడు రాత్రి 2 గంటలకు హెల్పర్ ఒచ్చి, "సార్, బ్రైన్ పైపు మీద మంచు కరిగింది" అన్నడు. "పొద్దున చూద్దాం తియ్" అన్న. రియాక్టర్‌ను చల్లబెట్టే ఆ ఉప్పునీళ్ల (బ్రైన్) పంపు ఆగిపోయింది. 5 డిగ్రీల లోపు ఉండాల్సిన రియాక్టర్ల సరుకు 30 దాటి తెల్లారిందాక అట్లనే తిరిగింది. ఆ తర్వాతి స్టేజి పౌడర్ తెల్లగ మెరుస్తుండె. సరుకుల ఏమేం కలిసినయో విడదీసి చూపే మామూలు హెచ్‌పీఎల్‌సీ మిషన్ల ప్యూరిటీ 99 శాతం పైనే. ఆ మిషన్ గొట్టం (కాలమ్) కుడి ఎడమలను వేరు చెయ్యదని నాకు తెలుసు. తెలిసి కూడ, గేటు కాడ లారీ ఆగి ఉందని సంతకం పెట్టిన.

డ్రమ్ములు తిరిగొచ్చినయి. అప్పుడు వెలుగు ఎంత తిరుగుతదో కొలిచే పోలారిమీటర్ ట్యూబు బుడగ లేకుండ నింపి, సోడియం దీపం పసుపు వెలుగుల చూస్తే, తిరగాల్సిన దాంట్ల సగమే తిరిగింది. సగం తిరిగిందంటే సగం చెడిందని కాదు బిడ్డా, 75 పాళ్లు డీ, 25 పాళ్లు ఎల్ అని. ఎల్ ఎదురు తిప్పి అంతే డీని కొట్టేస్తది. మొత్తం సరుకు పోయింది. ఆ హెల్పర్ ముందర తలెత్తలేకపోయిన. మాట చెప్పిన మనిషిని నేనే పక్కకు నెట్టిన.

రీడింగ్ ఒక్కటే చూసి కూడ మురువకు. ఎల్-వాలిన్ నీళ్లల్ల 6 దగ్గర చూపెడితే, 6 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌ల 28 దగ్గర చూపెడుతది. సాల్వెంట్, కాన్‌సంట్రేషన్, టెంపరేచర్ రాయని అంకెకు సంతకం పెట్టకు. కుడి ఎడమలను వేరు చేసే కైరల్ కాలమ్ రిపోర్ట్ అడుగు. ఎవ్వలు తొందర చేసినా అడుగు.

చిన్నప్పుడు ఎడమ చెప్పు కుడి కాలికేసుకొని వాకిలంత తిరిగేదానివి, నేను కూసోబెట్టి మార్చేటోన్ని. ఇప్పుడు అంత దూరం నేను రాలేను.

మొదటి నైట్ షిఫ్ట్ ఎప్పుడో చెప్పు. ఫోన్ లోపలికి రానియ్యరని తెలుసు, పొద్దున దిగంగనే చెయ్యి. పైపు మీద మంచు ఉండెనా అని అడుగుత.

నీ పెద్దనాయన