సాయంత్రం ఆరింటికి వెళ్లి చూడండి

ప్రశ్న: మా అమ్మకు 76 ఏళ్లు. గుంటూరు జిల్లాలో హైస్కూలు హిందీ టీచరుగా చేసి రిటైరైంది. నాన్న పోయాక హైదరాబాదులో నా దగ్గరే ఉంటోంది. నాలుగేళ్ల కిందట అల్జీమర్స్ అని తేలింది. ఇప్పుడు నన్ను ‘అక్కయ్యా’ అని పిలుస్తోంది. పొద్దువాలితే ‘ఇంటికెళ్లాలి, ఆయన వచ్చే వేళయింది’ అంటూ వీధి తలుపు దగ్గర నిలబడుతుంది. మొన్న తెల్లవారుజామున గడియ తీసుకుని మెయిన్ రోడ్డు దాకా వెళ్లిపోతే పాలబ్బాయి చూసి తీసుకొచ్చాడు. నేనూ మావారూ ఉద్యోగాలు చేస్తాం. ఏజెన్సీ పంపే ఆయాలు నిలవడం లేదు. రెండు కేర్ హోములు చూశాను. ఒకటి కొత్త భవనం, పాలరాతి నేల, ఏసీ గదులు, ఫోనులో చూసుకునేలా కెమెరాలు. నెలకు 48 వేలు. అమ్మ హిందీ టీచరు కాబట్టి హిందీ మాట్లాడే ఆయాలతో ఇబ్బంది ఉండదని అక్కడి మేనేజరు అన్నారు. రెండోది శివార్లలో పాత ఇల్లు, పద్దెనిమిది మంది ఉంటారు, 32 వేలు. డాలస్‌లో ఉన్న తమ్ముడు డబ్బు తానే కడతానని, మొదటిదాన్లోనే చేర్చమని పట్టుబడుతున్నాడు. ‘కన్నతల్లిని ఆశ్రమంలో పడేస్తావా’ అని పిన్ని మాట్లాడటం మానేసింది. ఏం చూసి నిర్ణయించుకోవాలి? అమ్మకు ఏం చెప్పి తీసుకెళ్లాలి?

జవాబు: రెండు చోట్ల గురించీ వివరంగా రాశారు. నేల, గదులు, ఫీజు అన్నీ ఉన్నాయి. అమ్మగారికి అన్నం పెట్టబోయే మనిషి ఎలాంటిదో మాత్రం లేదు. ముందుగా ఫోను చేసి పగలు పదకొండింటికి వెళితే ఎవరికైనా కనిపించేది అంతే. ఆ వేళకు స్నానాలు అయిపోయి, ఫినాయిలుతో తుడిచి, అందరినీ టీవీ ముందు కూర్చోబెట్టి ఉంటారు. ఏ హోమైనా ఆ గంటలో ముచ్చటగానే ఉంటుంది.

మళ్లీ వెళ్లండి. ఈసారి చెప్పకుండా, సాయంత్రం ఆరింటికి. డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు ఉన్న చాలామందిలో పొద్దువాలే వేళ కలవరం పెరుగుతుంది. మీ అమ్మగారు తలుపు దగ్గర నిలబడేది ఆ కలవరంతోనే. పగటి సిబ్బంది ఇళ్లకు బయలుదేరడం, రాత్రివాళ్లు రావడం, వంట, మందులు కూడా ఆ కాస్త సమయంలోనే ఒకేసారి మీద పడతాయి. హోము అసలు రంగు అప్పుడు బయటపడుతుంది. అపరిచితులెవరో రాత్రి పదింటికి వస్తే ఆపాల్సిందే. ఒకసారి వచ్చి వివరాలు తీసుకున్న కుటుంబాన్ని సాయంత్రం గేటు దగ్గర నిలబెట్టి ‘ముందుగా చెప్పి రండి’ అంటే మాత్రం, ఆ చోటి సంగతి లోపలికి వెళ్లకుండానే సగం తెలిసినట్టు.

లోపలికి వెళ్లాక మేనేజరు గదిలో కూర్చోకండి. హాల్లో ఒక మూల గంటసేపు ఊరికే ఉండండి. ఎవరో ఒకరు ‘నేను మా ఇంటికి పోతాను’ అంటారు. డిమెన్షియా ఉన్నవాళ్ల నోట ఈ మాట వినిపించని హోము ఉండదు. దానికి ఆయా ఏమంటుందో వినండి. ‘ఎన్నిసార్లు చెప్పాలి, కూర్చో మామ్మా’ అంటుందా? ‘మీ ఇల్లు ఏ ఊళ్లో మామ్మగారూ, ఇంట్లో ఎవరెవరుంటారు’ అంటూ చెయ్యి పట్టుకుని నాలుగడుగులు నడిపిస్తుందా? రెండో రకం మనిషి ఉన్న చోట గోడల రంగు వెలిసిపోయి ఉన్నా నేను పట్టించుకోను. మేనేజరును ఒకటి అడగండి: ‘మా అమ్మ నాన్న కోసం ఎదురుచూస్తుంటే మీవాళ్లు ఏం చెబుతారు?’ ‘ఆయన పోయారని చెబుతాం’ అంటే అక్కడ ఆమెకు ప్రతి సాయంత్రం కొత్తగా పుట్టెడు దుఃఖం మిగులుతుంది. ఆయన గురించి ఆమె చేతే నాలుగు మాటలు చెప్పిస్తాం అన్నవారికి ఈ పని తెలుసు.

హిందీ గురించి మొదటి హోము మేనేజరు ఇచ్చిన భరోసాను నమ్మకండి. తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోయి, చిన్ననాటి భాష మిగలడం ఈ జబ్బులో తరచుగా కనిపించేదే. ఏళ్ల తరబడి హిందీ పాఠం చెప్పినావిడ కూడా దాహంగా ఉందని చెప్పడానికి రేపు తెలుగే వెతుక్కోవచ్చు. హైదరాబాదు హోముల్లో ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన అమ్మాయిలు చాలామంది పనిచేస్తున్నారు. వాళ్లలో ఎంతో ఓర్పు ఉన్నవాళ్లున్నారు, వాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ప్రతి షిఫ్టులో, ముఖ్యంగా రాత్రి, తెలుగు వచ్చిన మనిషి ఒకరైనా ఉండాలి. కడుపు నొప్పి అని చెప్పలేక మనిషి కేకలు పెడితే, అర్థం కానివాళ్లు దానికి మొండితనం అని పేరు పెడతారు. ఆ తర్వాత ఒక మాత్ర వేస్తారు.

ఆ మాత్రల దగ్గర మీరు కాస్త కఠినంగానే ఉండాలి. మనిషిని నెమ్మదింపజేయడానికి వాడే యాంటీసైకోటిక్ మందులతో డిమెన్షియా ఉన్న వృద్ధులకు మరణం ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. పక్షవాతం ముప్పు కూడా ఉంది. అసలు వాడకూడదని కాదు. మనిషి తనకో ఇతరులకో హాని చేసుకునే పరిస్థితిలో డాక్టరు తక్కువ మోతాదులో, కొద్దికాలానికి రాయవచ్చు. ఎవరు రాస్తారు, మీకు ముందు చెబుతారా, ఎన్నాళ్లకు ఒకసారి తగ్గించి చూస్తారు అని అడగండి. ఆరింటికి హాల్లో అందరి తలలూ వాలిపోయి ఉంటే అది ప్రశాంతత అని మురిసిపోకండి. చీరతోనో చున్నీతోనో కుర్చీకి కట్టేయడం ఎక్కడైనా కంటబడితే ఇక రెండో ప్రశ్న అక్కర్లేదు, వచ్చేయండి.

నర్సును కలిస్తే ఇంకొకటి అడగండి: నిన్నటిదాకా బాగున్న మనిషి రెండు రోజుల్లో తారుమారైతే మీరు మొదట ఏం చూస్తారు? ‘జబ్బు ముదిరిందనుకుంటాం’ అనేది తప్పు జవాబు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నీళ్లు సరిగా తాగకపోవడం, కొత్తగా మొదలుపెట్టిన మందు వంటివి ముందు చూడాలి. చాలాసార్లు అవి నయమైతే మనిషి మళ్లీ తేరుకుంటుంది.

ఆ పాలరాతి నేల సంగతి. మీ తమ్ముడికి ఫోటోల్లో నచ్చింది అదే అయి ఉంటుంది. దీపాల వెలుగులో మెరిసే నేల ఈ జబ్బు ఉన్నవారికి తడిగా ఉన్నట్టు కనిపించి అడుగు వేయడానికి జంకుతారు. నల్లటి డోర్‌మ్యాట్ గుంటలా కనబడవచ్చు. మీరు చూడాల్సింది జారని నేల, గోడ వెంట పట్టుకునే కమ్మీ, రాత్రి మంచం మీద నుంచే కనబడే బాత్రూము తలుపు, గేటు దాటకుండా తిరిగి రావడానికి నాలుగు చెట్లున్న ఆవరణ. రాత్రిళ్లు గడియ తీసుకుని వెళ్లిపోయే మనిషికి ఆవరణ ఏసీ కంటే ఎక్కువ అవసరం. గేటుకు తాళం ఉండాల్సిందే. నిప్పంటుకుంటే ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో కూడా అడగండి.

ఒక పూట భోజనం పూర్తయ్యేదాకా ఉండండి. తినిపించేవాళ్లు పక్కన కూర్చుని తినిపిస్తున్నారా, నిలబడి ముద్ద మీద ముద్ద కుక్కుతున్నారా? జబ్బు ముదిరేకొద్దీ మింగడం కష్టమై పొలమారడం ఎక్కువవుతుంది. అన్నం శ్వాసనాళంలోకి పోతే న్యుమోనియా రావచ్చు; ఈ దశలో ప్రాణం మీదికి తెచ్చేవాటిలో అదొకటి. పడుకోబెట్టి పెట్టేవాళ్లకు మీ అమ్మగారిని అప్పగించకండి. తెల్ల పళ్లెంలో పెరుగన్నం పెడితే అది ఆమెకు కనబడకనే వదిలేయవచ్చు, ‘ఆకలి లేదట’ అని పళ్లెం తీసేస్తారు. స్టీలు కంచమో రంగు పళ్లెమో వాడితే చాలు. కారం సంగతి ముందే చెప్పి పెట్టండి. గుంటూరు మనిషి చప్పిడి కూరకు మొహం తిప్పుకుంటే దాన్ని ఎవరూ జబ్బు లక్షణంగా రాసుకోకూడదు.

మరుగుదొడ్డి గురించి అడగడానికి మొహమాటపడకండి. రెండు మూడు గంటలకోసారి తీసుకెళతారా, అందరికీ పొద్దున్నే డైపర్ వేసి సాయంత్రం దాకా వదిలేస్తారా? ఆడవాళ్లకు స్నానం చేయించేది ఆడవాళ్లేనా? ఫీజులో డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ ఉన్నాయా? 32 వేలు అన్నది ఈ ఖర్చులతో 40 దాటితే ఇప్పుడే తెలియడం మేలు. ఆరోగ్య బీమా సాధారణంగా ఈ నెలనెలా కట్టే ఫీజుకు వర్తించదు.

రాత్రి ఎంతమందికి ఎంతమంది ఆయాలు ఉంటారో నోటిమాటగా కాకుండా డ్యూటీ రిజిస్టరులో చూపించమనండి. అసలైన ప్రశ్నను చాలామంది అడగనే అడగరు: ‘మంచం పట్టాక కూడా ఉంచుకుంటారా?’ నడిచే పేషెంట్లను తీసుకుని, కదలలేని స్థితి రాగానే ‘ఇక మావల్ల కాదు, తీసుకెళ్లండి’ అనే చోట్లు ఉన్నాయి. అప్పుడు మళ్లీ వెతుకులాట. ఉంచుకుంటామంటే, ప్రస్తుతం మంచంలో ఉన్న ఒకరిని చూపించమనండి. ఆ దశలో సుమారు రెండు గంటలకోసారి ఒత్తిగిలి పడుకోబెట్టాలి. లేకపోతే వీపున, మడమలకు పుండ్లు పడతాయి. పక్క దుప్పటి చూస్తే చెప్పకుండానే తెలిసిపోతుంది.

దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో ప్రచురితమైన అంచనా. అవసరం ఇంత ఉండటంతో మామూలు వృద్ధాశ్రమాలు కూడా బోర్డు మీద ‘డిమెన్షియా కేర్’ అని చేర్చుకుంటున్నాయి. హోము ఎక్కడ, దేని కింద నమోదైందో కాగితం చూడండి. అల్జీమర్స్ బాధితుల కుటుంబాల కోసం పనిచేసే ఏఆర్‌డీఎస్ఐకి హైదరాబాదులో శాఖ ఉంది. ఈ దారిలో నడిచిన కుటుంబాలు అక్కడ పరిచయమవుతాయి. వయోవృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే 14567 నంబరుకు కూడా ఫోను చేయవచ్చు.

ఒప్పందంపై సంతకం మీ పేరుతో మీరే చేయండి. అమ్మగారి వేలిముద్ర ఏ కాగితం మీదా వేయనివ్వకండి. ఆమె పేరుతో పొలమో ఇల్లో ఉంటే ఇప్పుడే లాయరును కలవండి. మనకున్న 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, రాసిచ్చిన మనిషికి అర్థం చేసుకునే శక్తి పోతే పవర్ ఆఫ్ అటార్నీ కూడా చెల్లదు. ఈ సంగతి చాలామందికి బ్యాంకు కౌంటరు దగ్గర తెలుస్తుంది.

అమ్మగారికి ఏం చెప్పాలి? పెద్ద ప్రకటనలేవీ వద్దు. వారం ముందు చెబితే ఆ మాట గుర్తుండదు గానీ దాని భయం మాత్రం మిగిలిపోతుంది. ‘కొన్నాళ్లు ఇక్కడ ఉందాం, వీళ్లు బాగా చూసుకుంటారు’ అంటే చాలు. ‘రేపు ఇంటికి తీసుకెళతా’ అని మాత్రం అనకండి. పొద్దున కలత తక్కువగా ఉండే వేళ తీసుకెళ్లండి. ఆమె పాత దుప్పటి, దేవుడి పటం, నాన్నగారి ఫోటో, కాఫీ తాగే గ్లాసు వెంట ఉండాలి. ఒక కాగితం మీద ఆమె గురించి తెలుగులో రాసి గదిలో అతికించండి: టీచరుగారూ అని పిలిస్తే పలుకుతారు, తలస్నానం అంటే ఇష్టం లేదు, పాత పాటలు పెడితే నెమ్మదిస్తారు, ఇలాంటివి. ఆయాలు మారినా ఆ కాగితం ఉంటుంది. ‘మొదటి నెల రాకండి, అలవాటు పడాలి’ అని కొన్ని హోములు అంటాయి. ఒప్పుకోకండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి, మీరు మాత్రం వెళ్లి వస్తుండండి. వేళ మార్చి మార్చి వెళ్లండి. కుటుంబం ఎప్పుడు వస్తుందో తెలియని పేషెంటు మంచం దగ్గర పని కాస్త జాగ్రత్తగానే జరుగుతుంది.

పిన్నిగారి కోపం గురించి ఎక్కువ రాయను. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ, వృద్ధుల సంక్షేమ చట్టం ఆ బాధ్యతను కొడుకు మీదా కూతురి మీదా పెట్టింది. అది నేరమన్నది వృద్ధులను వదిలించుకుని వెళ్లిపోవడాన్ని. ఆరింటికి మళ్లీ వెళ్లి ఆయా మాటలు వినబోయే కూతురికి, ఆ నేరానికి సంబంధం లేదు. పిన్నిగారు నిజంగా అక్క మీద ప్రేమతో అంటుంటే, వారానికి ఒక పూట హోముకు వచ్చి కూర్చోమనండి. రాకపోతే ఆ మాటను మీరు మోయనక్కర్లేదు.

మీ ఉత్తరాన్ని బట్టి నా మొగ్గు శివార్లలోని పాత ఇంటి వైపు ఉంది. సాయంత్రం వెళ్లి చూశాక అది మారినా మారవచ్చు. రెంటిలో ఏదైనా ముందు పదిహేను రోజులకు మాట్లాడుకోండి. డిపాజిట్ కట్టమని తొందరపెడితే, మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారో రాయించుకోండి. కెమెరా మీ తమ్ముడి మనశ్శాంతికి పనికొస్తుంది, నేను కాదనను. కానీ అందులో అమ్మగారు కుర్చీలో కూర్చున్నట్టు కనిపిస్తుంది గానీ, డైపర్ తడిసి ఎంతసేపైందో కనిపించదు. ఫీజు కట్టేది తనే కాబట్టి నిర్ణయం కూడా తనదే అనుకుంటున్నట్టున్నాడు. కాదని గొడవపడకండి. ‘ఆ పదిహేను రోజులకు నువ్వు ఇక్కడికి రా, సాయంత్రాలు నువ్వు వెళ్లి కూర్చో, తర్వాత ఏది బాగుందో నువ్వే చెప్పు’ అనండి. టికెట్టు కొనుక్కుని వస్తే అతని మాటకు విలువ ఇవ్వండి. సెలవు దొరకదంటే, ఎక్కడ చేర్చాలో మీరు తేల్చి అతనికి తెలియజేయండి.